చిక్కుడు పందిరికి పనికొచ్చే కడ్డీ

ఆగస్టు 14, శనివారం

కోపం చల్లారాక రాద్దామని రెండు గంటలు ఆగాను. చల్లారలేదు. రాస్తున్నాను.

క్లబ్బు సమావేశంలో దంతవైద్యుడు కోల్బీ లేచి, పది అడుగుల నల్లని గ్రాఫైట్ కడ్డీని బల్ల మీద పెట్టాడు. దారం దూరే వలయాలు లేవు, పిడి లేదు. ఇంకా గాలపు కర్ర కాని వట్టి కడ్డీ. దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, "మాస్టారండీ, ఈ యేడు మీరు పోల్చేవాటిలో దీన్ని కూడా కలపండి. మీ పాత తేనెరంగు కడ్డీ కంటే ఇది పది గజాలు ఎక్కువే పోతుందని నాకనిపిస్తోంది," అన్నాడు.

అనిపిస్తోందట! చారల చేప కోసం అలల మీదికి విసిరే కడ్డీలను పోల్చి తీర్పు రాసే పని ఇరవై రెండేళ్లుగా ఈ క్లబ్బులో నాది. నా కాగితం చూసిన తరువాతే సభ్యులు కొత్తవి కొంటారు. నలభై ఏళ్లు బడిలో లాటిన్ పద్యం బోధించినవాణ్ని. పాదంలో గురులఘువులను ఎంత నిష్ఠగా తూచానో కడ్డీలనూ అంతే నిష్ఠగా తూచాను. ఈ మనిషి నాలుగేళ్ల క్రితం నగరం నుంచి వచ్చాడు.

పక్కన కూర్చున్న సెల్మో మోచేత్తో పొడిచి, "చూసుకో మాస్టారూ, పళ్లు పీకేవాడు నీ కర్ర పీకడానికొచ్చాడు," అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

అసలు సంగతి కడ్డీ కాదు, రాయి. సముద్రంలోకి పొడుచుకొచ్చిన పెద్దరాయి మీద గాలం వేయడానికి ఇద్దరికే చోటు. ముప్పై ఒక్క శరత్తులుగా ఆ ఇద్దరమూ సెల్మో, నేను. అక్కడ నిలిచేవాడు ఏటా అక్టోబరు రెండో శనివారం గడ్డిమైదానంలో మూడు ఔన్సుల ఎరను నూరు గజాలు విసిరి చూపించాలి. అంత విసరలేనివాడి ఎర బయటి నురుగును దాటదు, దారం పక్కవాడి దారానికి చుట్టుకుంటుంది. విసరలేకపోతే చోటు జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. తర్వాతి పేరు కోల్బీ.

నాకు డెబ్బై నాలుగు. పోయిన అక్టోబరులో నూట మూడు గజాలు విసిరాను.

ఆగస్టు 19, గురువారం

ట్రక్కు వెనక తలుపు గాలికి పడింది. తేనెరంగుది అంచు మీద ఉంది. ఏమీ కాలేదు.

ఆగస్టు 24, మంగళవారం

కొట్టంలో బల్లకు కడ్డీల మొదళ్లను బిగించి, కొసలకు మూడు పౌండ్ల సీసపు సంచి వేలాడదీసి, ఏది ఎంత దిగిందో గోడ మీద గీతలు గీశాను. ఈ యేడు మూడు: ఆకుపచ్చది, బూడిదరంగుది, కోల్బీగారి నల్లది. ఆకుపచ్చది ముప్పై మూడు అంగుళాలు దిగింది. పెద్దమనిషి తరహా, చెప్పిన మాట వింటుంది. బూడిదరంగుది ముప్పై ఐదు. మధ్యలో ఒకచోట తడబడుతుంది. నల్లది ఇరవై తొమ్మిదికే ఆగిపోయింది. కొస మాత్రం వంగి, నడుము వంగని గర్విష్ఠి. దాని గీత పక్కన పెన్సిలుతో రాశాను: "నల్లది. 29. చిక్కుడు పందిరికి."

రాసిన తరువాత కొంత హాయిగా అనిపించింది.

తేనెరంగుదాన్ని బిగించలేదు. దాని గీత ముప్పై ఎనిమిది దగ్గర ఉంది. ఏళ్ల తరబడి మారని గీతను మళ్లీ గీయడమెందుకు? ఆ ఫైబర్‌గ్లాస్ కడ్డీకి వలయాలు కట్టి, బెండు పిడి తొడిగి, వార్నిష్ కింద నా పేరు, తేదీ సిరాతో రాసి ఇచ్చినవాడు సెల్మో. అప్పటికి అతడు పడవల కార్ఖానాలో వడ్రంగి. అట్లాంటిక్ మధ్యలోని దీవుల నుంచి వచ్చిన వాళ్ల నాన్న నేర్పిన దస్తూరీ, ద్రాక్షతీగలా మెలికలు తిరిగే అక్షరాలు. కళ్లు మూసుకుని కూడా చదవగలను.

ఆగస్టు 30, సోమవారం

గడ్డిమైదానంలో టేపు పరిచి విసిరాము. తేనెరంగుదానితో తొంభై ఒకటి. మళ్లీ విసిరితే ఎనభై తొమ్మిది.

గాలి ఎదురుగా ఉంది. దారం పాతది. సెల్మో గాలి లేదంటాడు. అతడికి చెవుల్లో కూడా వెంట్రుకలు మొలిచాయి, గాలి ఏం తెలుస్తుంది?

"విసురుతున్నావా మాస్టారూ, నిద్రపుచ్చుతున్నావా?" అన్నాడు. "కర్రకి నొప్పెడుతుందేమో అన్నట్టు పట్టుకున్నావేంటి?"

"భుజం పట్టేసింది."

"ఏ భుజం?"

ఎడమది చూపించాను. విసిరేది కుడిచేత్తో. సెల్మో నా కుడిభుజం వైపు ఒకసారి చూసి, టేపు చుట్టాడు. ఆ చూపు నాకెప్పుడూ నచ్చదు.

మిగతావాటికి వలయాలను టేపుతో అంటించి విసిరాను. ఆకుపచ్చది తొంభై ఆరు. బూడిదది తొంభై నాలుగు. నల్లది ఎనభై ఎనిమిది. దాన్ని ఒక్కసారే విసిరాను. ఒక్కసారి చాలు.

సెప్టెంబరు 4, శనివారం

ఎనభై ఏడు. దారం కొత్తది. గాలి వెనక నుంచే.

సెప్టెంబరు 5, ఆదివారం

చర్చిలో ఈరోజు బైబిలు పాఠం చదవడం నా వంతు. ఒక వాక్యం దాటవేశాను. ఎవరూ గమనించలేదు. ఏ వాక్యమో ఇక్కడ రాయను.

సెప్టెంబరు 8, బుధవారం

తేనెరంగుదాని కొస వలయం పగిలింది. సెల్మో ఇంటికి పట్టుకుపోయాను. షెడ్డులో కిటికీ వెలుగుకు ఎత్తి, బొటనవేలితో కింది నుంచి పైకి నిమురుతూ పోయాడు. పిడికి రెండడుగుల పైన వేలు ఆగింది.

"దీనికేమన్నా తగిలిందా?"

"లేదు."

"ట్రక్కులో గానీ, రాయి మీద గానీ?"

"లేదన్నానుగా! నీకు వలయం వేయడం వచ్చా, లేక నేరవిచారణ ఒక్కటే వచ్చా?"

గోడకు చేరగిలబెట్టి, "పదిరోజులు పడుతుంది," అన్నాడు. ఒక్క వలయానికి పదిరోజులు! వాళ్లావిడ ఒడీలియా గుమ్మంలోంచి, "మాస్టారుగారూ, సూపు తాగి వెళ్లండి, లింగ్విసా సాసేజీలు వేశాను," అంది. పని ఉందని చెప్పి వచ్చేశాను. ఏ పనీ లేదు.

సెప్టెంబరు 12, ఆదివారం

తీర్పు రాశాను. మొదట ఆకుపచ్చది, తరువాత బూడిదది, అట్టడుగున నల్లది. "ప్రమాణంగా ఎప్పటిలాగే పాత తేనెరంగు కడ్డీ" అని పైన. నల్లదాని గురించి రాసిన పేరా నా జీవితంలో రాసిన మంచి పేరాల్లో ఒకటి. కోల్బీ కడ్డీని అతడి ఆసుపత్రి మెట్ల మీద పెట్టి వచ్చాను. తలుపు తట్టలేదు.

సెప్టెంబరు 21, మంగళవారం

వచ్చింది! నూట ఎనిమిది గజాలు!

మళ్లీ విసిరాను: నూట ఆరు. మళ్లీ: నూట తొమ్మిది. ముసలివాడి చేయి, ముసలి కడ్డీ, నూట తొమ్మిది. కోల్బీ అక్కడ ఉండి చూడవలసింది. ఆ రెండు వేళ్లతో ఏం ఎత్తేవాడో!

ఒక విశేషం రాసి ఉంచాలి. ఈ కర్ర నడక నాకు కంఠస్థం: ముందొక గురువు, వెనుక రెండు లఘువులు. బరువుగా వంగి, తీరిగ్గా లేచి, చివర విదిలించేది. ఈరోజు లఘువులు ముందు దొర్లి, గురువు చివరన పడింది. పదిరోజుల విశ్రాంతితో భుజం బాగుపడింది గనుక విసిరే తీరు మారి ఉంటుంది. వార్నిష్ కొత్తగా వేసినట్టున్నాడు, రంగు కొంచెం ముదిరింది. పిడి అదే, నా బొటనవేలి గుంట అదే, బరువు అదే.

సెల్మోకు చెబితే, "బాగా పోతోందా? పోనీలే మరి," అన్నాడు. అంతే. ముప్పై ఒక్కేళ్ల స్నేహితుడికి ఇంకొంచెం సంతోషం ఉండవద్దూ!

అక్టోబరు 2, శనివారం

సమావేశంలో తీర్పు చదివాను. నల్లదాని పేరా దగ్గర సభ పగలబడి నవ్వింది. "ఈ కడ్డీ చారల చేపకు కాదు, చిక్కుడు తీగకు పుట్టింది, దాని జన్మహక్కును మనం కాజేయరాదు" అన్న వాక్యానికి వెనక వరుసలో ఒకాయన కాఫీ ఒలకబోసుకున్నాడు. కోల్బీ మాత్రం బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.  బదులు చెప్పడానికి ఏముంది గనుక?

బయటికి వచ్చాక సెల్మో నా కోటు పట్టుకుని ఆపాడు.

"మాస్టారూ, అచ్చుకిచ్చే ముందు ఆ చివరి పేరా తీసెయ్యరాదూ?"

"ఎందుకు తీయాలి?"

"ఎందుకంటే నేనడుగుతున్నా గనుక."

"కోల్బీ నీ పళ్లకేమైనా ఉచితంగా బంగారం కట్టాడా?"

నా కోటు వదిలేసి ట్రక్కెక్కి వెళ్లిపోయాడు. నన్ను దింపకుండానే! రెండు మైళ్లు నడిచాను. దారి పొడవునా అతడితో వాదించి, ప్రతి వాదంలోనూ గెలిచాను.

అక్టోబరు 9, శనివారం

నూట పదకొండు గజాలు. చోటు నాది. కోల్బీ వచ్చి చేయి కలిపాడు. అతడి చేయి వెచ్చగా ఉంది. అది కూడా నచ్చలేదు.

అక్టోబరు 11, సోమవారం

ఉదయం కోల్బీ ఫోను చేశాడు.

"మాస్టారండీ, మీ కాగితంలో మూడింటికీ వంపు అంగుళాల్లో ఇచ్చారు. మీదానికి మాత్రం 'ఎప్పటిలాగే' అని రాశారు. ఆ అంకె కూడా వేస్తే బావుంటుందండీ."

"నా మాట చాలదా?"

"చాలదని కాదండీ. ఒక్కసారి సంచి తగిలించి చూడండి, అంతే."

వాడి గర్వం అణచడానికే బిగించాను. సంచి తగిలించాను. తీసి మళ్లీ తగిలించాను. బల్ల బిగింపు సరిచూసి మూడోసారి తగిలించాను. కొస ముప్పై ఎనిమిదికి దిగలేదు. ఇరవై తొమ్మిది దగ్గర, నా సొంత దస్తూరీకి ఎదురుగా ఆగి, చిన్నగా ఊగుతోంది. చిక్కుడు పందిరికి.

పిడి అడుగున ఉన్న మూత ఊడదీశాను. లోపల గుడ్డపేలికలో చుట్టి నాలుగు ఔన్సుల సీసం. పాత బరువు రావడానికి! పెద్ద కళ్లద్దాలు తెచ్చి, పిడి పైన వార్నిష్ కింద ఉన్న సిరా అక్షరాలు చదివాను. నా పేరు, అదే మెలికల దస్తూరీలో. దాని కింద ఉండవలసింది "1990 అక్టోబరు". ఉన్నది "2021 సెప్టెంబరు".

మూడు వారాలుగా నా బొటనవేలి కిందే ఉంది.

చూపు పోయిన తండ్రికి, వెంట్రుకలున్న అన్న చేతుల్లా తోచేందుకు మేకతోలు చుట్టిన చేతులు అందించి, పెద్దకొడుకుకు దక్కవలసిన దీవెన కొట్టేసిన చిన్నకొడుకు కథను నేను కనీసం ఇరవైసార్లు చర్చిలో చదివాను. ప్రతిసారీ ఆ కొడుకు మీదే కోపం వచ్చేది. ఆ తండ్రి ఎందుకంత తేలిగ్గా మోసపోయాడో ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు కూడా కొడుకు మీదే కోపం. రేపు సెల్మో దగ్గరికి పోతాను. పోయి మాట్లాడడం మానేస్తానని చెప్పి వస్తాను.

అక్టోబరు 12, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈ పుస్తకంలో అలా రాయని రోజులు ఉన్నాయి గనుక.

సెల్మో షెడ్డులో పీట చెక్కుతున్నాడు. "ఏంటి మాస్టారూ, పొద్దున్నే యుద్ధానికొచ్చినట్టున్నావ్?"

"నా కర్ర ఏదీ?"

"చేతిలోనే ఉందిగా."

"ఇది నాది కాదు!"

చిత్రిక కింద పెట్టాడు. "చదివావన్నమాట."

"నిన్న చదివాను."

"మూడు వారాలు పట్టింది. నలభయ్యేళ్లు ఊళ్లో పిల్లలందరికీ చదవడం నేర్పినోడివి! తేదీ చూసి ఆ రోజే నా మీదికొస్తావనుకున్నా. ఒడీలియా తీపి రొట్టె కూడా చేసి పెట్టింది, తిట్టి తిట్టి ఆకలేస్తుందని."

"నన్ను మోసం చేశావు."

"సీసం పెట్టా, ఒప్పుకుంటా. రంగేశా, ఒప్పుకుంటా. రాతలో మాత్రం అబద్ధం రాయలేదు. మా నాన్న దస్తూరీతో అబద్ధం రాయను."

"నోటితో చెప్పడానికేం?"

"అడిగానుగా నోటితో! ఏమన్నా తగిలిందా అని రెండుసార్లడిగా. లేదన్నావ్. నా మొహం మీదే లేదన్నావ్. ఇంకేం మాట్లాడమంటావ్?" గొంతు పెంచాడు. ముప్పై ఒక్కేళ్లలో సెల్మో నా మీద గొంతు పెంచడం ఇది రెండోసారి. "నిన్ను కొత్తది కొనుక్కోమంటే కొంటావా? రాయి మీద అదే పట్టుకుని నిలబడతావ్!"

"దానికేమీ కాలేదు," అన్నాను.

ఈ మాట అన్నది నేనే. అప్పటికి కూడా.

దూలం మీద నుంచి పాత దుప్పటిలో చుట్టిన తేనెరంగు కడ్డీని దించాడు. పిడి లేదు, వలయాలు లేవు, ఒంటరిగా ఉంది. కిటికీ దగ్గర చూపించాడు. గాజుపోగుల్లో గోరంత వెడల్పున తెల్లగా కమిలిన గీత, తలుపు అంచు ఎంత తిన్నగా ఉంటుందో అంత తిన్నగా. "పైపైన గీరుకుంది, అంతే," అన్నాను. అతడు మొదలును బల్లకు బిగించి, సీసపు సంచి నా చేతికిచ్చాడు.

ఒక పౌండు వేశాను. వంగింది. ఆ పాత వంపు, తీరిగ్గా, నిండుగా. నేను సెల్మో వైపు చూశాను, గెలిచినట్టుగా. రెండో పౌండు వేశాను. తుపాకి పేలినట్టు చప్పుడై, పై ముక్క నా చెవి పక్కనుంచి పోయి రేకు గోడకు తగిలింది.

ఒడీలియా పరుగెత్తుకొచ్చింది. "అయ్యో దేవుడా, ఎవరి చెయ్యి విరిగింది?"

"చెయ్యి కాదే, కర్ర," అన్నాడు సెల్మో.

"కర్రకేనా ఇద్దరూ శవం దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డారు? లోపలికి రండి."

మేము కదల్లేదు. రెండు పౌండ్లు. రాయి మీద మూడు ఔన్సుల ఎరను పూర్తి బలంతో విసిరేటప్పుడు కడ్డీ మీద పడే బరువు దానికి ఎన్నో రెట్లు. అప్పుడు విరిగితే మనిషి కూడా దాని వెంట ముందుకే పోతాడు. పెద్దరాయి ముందు ఏముందో మా ఇద్దరికీ తెలుసు.

నా చేతికి తెలుసు. అందుకే ఆగస్టంతా విసరకుండా నిద్రపుచ్చింది. భుజానికేమీ కాలేదు, ఎడమదానికీ కుడిదానికీ.

"నల్లది ఎక్కడిది?" అని చివరికి అడిగాను.

"కోల్బీది. నువ్వు వాడి మెట్ల మీద పారేసొచ్చావే, అదే. అడిగితే ఇచ్చేశాడు."

"నా చోటు తనకు వస్తుందని తెలిసి కూడానా?"

"నేనూ అదే అన్నా. వాడేమన్నాడో తెలుసా? 'మాస్టారితో పోటీ పడాలనుంది గానీ, ఆయన నీళ్లలో పడితే చూడాలని లేదండీ' అన్నాడు. ఇంకా నువ్వు సభలో వాడి కడ్డీని ఉతికి ఆరేస్తుంటే నోరెత్తకుండా కూర్చున్నాడు. పేరా తియ్యమంటే నా పళ్లకి బంగారం కట్టాడా అంటావ్!"

సూపు తాగాను. చాలా ఉప్పగా ఉంది. ఆ మాట అంటే ఒడీలియా, "మీ మొహం చూసి రెండుసార్లు వేసినట్టున్నాను," అంది.

అక్టోబరు 13, బుధవారం

రాయను.

అక్టోబరు 14, గురువారం

పది ఆజ్ఞల్లో తొమ్మిదోదాన్ని, ఆనాడు చర్చిలో నేను దాటవేసిన 'అబద్ధసాక్ష్యం పలకరాదు' అన్నదాన్ని, ఉల్లంఘించినవాడు సాధారణంగా మనుషుల మీద ఉల్లంఘిస్తాడు. నేను ఒక కడ్డీ మీద కూడా ఉల్లంఘించాను. ఒక్కసారే విసిరి ఎనభై ఎనిమిది అని రాశాను. ఆ ఒక్కసారి కూడా ఎలా విసిరానో నాకు తెలుసు. తీర్పు తిరిగి రాస్తున్నాను. ఆ మంచి పేరాను కొట్టేయడానికి చేయి రావడం లేదు. ఎంత మంచి పేరా!

కొట్టేశాను.

అక్టోబరు 16, శనివారం

సమావేశంలో లేచి, పోయినసారి చదివిన తీర్పు తప్పు అన్నాను. నల్లది మొదటిదని, పోయిన శనివారం నూట పదకొండు గజాలు పోయింది అదేనని, దానికి తేనెరంగు వేసి ఉన్నందున నేను గుర్తించలేదని చెప్పాను. తేనెరంగుది విరిగిందని, విరగడానికి కారణం నా ట్రక్కు తలుపేనని, రెండు నెలలు ఆ సంగతి దాచానని కూడా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

కోల్బీ వైపు తిరిగి, "కడ్డీ మీది. నూరు గజాలు దాటింది కూడా మీ కడ్డీయే. చోటు కావాలంటే అడగండి," అన్నాను.

అతడు ఎర్రబడ్డాడు. "నియమంలో కడ్డీ ఎవరిదని లేదండీ మాస్టారండీ. విసిరింది మీరు. వచ్చే యేడు మాత్రం నేను బాగా సాధన చేసొస్తానండీ."

"రండి," అన్నాను. "పళ్లు రాలగొడతాను." అప్పుడు నవ్వారు.

అక్టోబరు 17, ఆదివారం

తెల్లవారుతుండగా పెద్దరాయి మీద సెల్మో, నేను. ఆటు మొదలై, నురుగు బయటికి జారుతోంది. మూడో విసురుకు సెల్మోకు చేప తగిలింది. ఇరవై నిమిషాలు పోరి, చారలు లెక్కపెట్టగలిగినంత దగ్గరికి తెచ్చి, గాలం ఊడదీసి వదిలాడు. నాకు ఏదీ తగల్లేదు. నా ఎర మాత్రం ప్రతిసారీ బయటి నురుగు దాటి పడింది.

"ఈ రంగు గీకించేయి," అన్నాను. "నల్లది నల్లగానే ఉండాలి."

"ఉండనీ మాస్టారూ. ముసలి మొహానికి రంగేసుకుంటే తప్పేంటి?"

"నా మొహానికా, దాని మొహానికా?"

"ఇద్దరికీ."

తిరిగి వస్తుంటే ఒడీలియా పెరడు కనిపించింది. తేనెరంగుదాని పై ముక్కను చిక్కుడు పాదులో గుచ్చి, ఎండిన తీగను దానికి కట్టింది. నిటారుగా, ఏమాత్రం వంగకుండా నిలబడి ఉంది. ట్రక్కు ఆపమని దిగి, ఎవరి అనుమతీ అడగకుండా పీకేద్దామనుకున్నాను. కాయలు రెండు ఇంకా వేలాడుతున్నాయి. వదిలేశాను.

కోపం తగ్గిందని రాయబోయాను. తగ్గలేదు. అంతా నా మీదేనని రాయబోయాను. అది కూడా నిజం కాదు. సగం ఇంకా సెల్మో మీదే, ఆ సీసం గుర్తొచ్చినప్పుడల్లా.

ఆగస్టు 19 పుట తెరిచాను. "ఏమీ కాలేదు" అన్న మాటలను కొట్టేయలేదు. ఎవరు రాశారో తెలియడానికి అవి అలాగే ఉండాలి. పక్కన ఈనాటి తేదీ వేసి, కింద రాశాను: తలుపు గాలికి పడలేదు. చూడకుండా నేనే వేశాను.